మిట్టతండా బిసప్పు

ఫూల్‌సింగ్‌కు ఉద్యోగం దొరికిన తీరు చెబితే సూర్యాపేటలో చాలామంది నమ్మలేదు. పదో తరగతి రెండుసార్లు తప్పి, కొన్నాళ్ళు లారీ మీద క్లీనరుగా తిరిగి, అదీ మానేసి ఖాళీగా ఉన్నాడు అప్పటికి. లంబాడీ, తెలుగు రెండూ వచ్చి, ఇంగ్లీషు జర అర్థమయ్యే మనిషి కావాలని చర్చి కాంపౌండులో అడుగుతున్నారంటే పోయి చూశాడు. లోపల ఆరడుగుల తెల్లదొర ఒకాయన చాప మీద కూర్చుని చొక్కాకు గుండీ కుట్టుకుంటున్నాడు.

"దయచేసి ఆసీనులు కండి," అన్నాడు దొర, పుస్తకాల తెలుగులో.

ఆ మాట అర్థం కాకపోయినా ఫూల్‌సింగ్ చేయి చూపించిన చోట కూర్చున్నాడు.

"మీకు దేవునియందు విశ్వాసము కలదా?"

"ఏ దేవుడు సార్?"

దొర సూది ఆపాడు. "సరైన ప్రశ్న," అని, మళ్ళీ కుట్టుకుంటూ, "సోమవారము రండి," అన్నాడు.

అది ఎనభై మూడో సంవత్సరం. ఆయన పేరు ఎడ్మండ్ హాల్‌స్టెడ్. బిషప్పు. అంటే మామూలు పాదిరీ కాదు, పాదిరీలకు పెద్ద. ఇంగ్లండులో బొగ్గు గనుల ఊళ్ళో పుట్టి, వయసులో ఉండగానే ఓడెక్కి, ఎక్కడో దక్షిణ సముద్రంలో ఉన్న దీవులకు పోయాడు. అక్కడ ఆంగ్లికన్ చర్చి అన్న మాటే ఎవరూ వినలేదు. ఈయనే పడవేసుకుని దీవి దీవికీ తిరిగి, వాళ్ళ భాష నేర్చుకుని, ఆకుల కప్పుతో ప్రార్థనా మందిరాలు కట్టించి, చివరికి ఆ దీవులకు మొట్టమొదటి బిషప్పయ్యాడు. పాతికేళ్ళ తర్వాత తన దగ్గర చదువుకున్న ఆ దీవులవాణ్నే ఒకణ్ని బిషప్పు కుర్చీలో కూర్చోబెట్టి తాను దిగిపోయాడు.

"ఎందుకు దిగిన్రు అయ్యగారూ?" అని ఫూల్‌సింగ్ ఒకసారి అడిగాడు.

"నేను ఉంటే అందరూ నా ముఖమే చూచెదరు. అతని ముఖము చూడరు."

దిగిన మనిషి ఇంటికి పోలేదు. ఇంకా చర్చి లేని చోటు ఏదన్నా ఉంటే అక్కడికి పంపమని తన మిషన్ సొసైటీని అడిగాడు. వాళ్ళు ఒక జీపు ఇచ్చి నల్లగొండ జిల్లా తండాలకు పంపించారు.

ఫూల్‌సింగ్ ఆయన్ని ముందుగా తన సొంత తండాకే తీసుకుపోయాడు. మిట్టతండా అంటారు దాన్ని. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ పోయే దారిలో రోడ్డు దిగి లోపలికి పోవాలి. కింద సాగర్ కాలువ నిండుగా పారుతూ కనబడుతుంది. నీళ్ళు మాత్రం మిట్ట ఎక్కవు. అందుకని తండా ఆడవాళ్ళు నాట్ల కాలంలో వేములపల్లి దాకా కూలికి పోయి ఎవరి మడిలోనో బురద తొక్కి వస్తారు.

తండా నాయకుడు రెడ్యా నాయక్ మంచం వాల్చి దొరను కూర్చోబెట్టాడు. దొర పావుగంట సేపు ఇంగ్లీషులో మాట్లాడాడు. పాపం, క్షమ, పరలోకం అన్నీ వచ్చాయి అందులో. ఆగి ఫూల్‌సింగ్ వైపు చూశాడు.

ఫూల్‌సింగ్ లంబాడీలో, "దేవుడు మంచోడని చెప్తున్నడు," అన్నాడు.

రెడ్యా నాయక్ తలూపాడు. "ఎవలు కాదన్నరు?"

అట్లా రెండేళ్ళు నడిచింది. దొర ఎంత చెప్పినా ఫూల్‌సింగ్ రెండు ముక్కల్లో తేల్చేవాడు. బద్ధకం ఒకటైతే, మిగతాది ఎట్లా చెప్పాలో తెలియకపోవడం ఇంకొకటి. జీతం పుచ్చుకుంటున్నందుకు కొంచెం సిగ్గుగానే ఉండేది గాని, వినేవాళ్ళకు ఇబ్బంది లేనప్పుడు చెప్పేవాడికెందుకని సర్దుకునేవాడు. ఒకరోజు జీపులో తిరిగి వస్తుంటే దొర ఉన్నట్టుండి చక్కటి లంబాడీలో అన్నాడు:

"ఫూల్‌సింగ్, నేను చెప్పిన దాంట్ల సగం సగం ఎటు పోతుంది?"

దొర తండా పిల్లలతో, ముసలివాళ్ళతో కూర్చుని ఈ రెండేళ్ళలో భాష మొత్తం పట్టేశాడని ఫూల్‌సింగ్‌కు అప్పుడు తెలిసింది. ఉద్యోగం ఖతం అనుకున్నాడు. దొర తిట్టలేదు. "నువ్వు చెప్పిందే వాళ్ళకు ఎక్కువ అర్థమైంది. నేనే ఎక్కువ మాట్లాడుతున్న," అని గేరు మార్చాడు.

ఆ తర్వాత తండాలో దుబాసీ అవసరం లేకపోయినా ఫూల్‌సింగ్‌ను తీసేయలేదు. రెడ్యా నాయక్, దొర ఇద్దరూ నేరుగానే వాదించుకునేవారు.

"మా సేవాలాల్ మహరాజ్ పక్కన నీ దేవుణ్ని గూడ పెట్టుకుంటం. జాగ ఉంది," అనేవాడు రెడ్యా, ఎంతో మర్యాదగా.

"ఆయన ఒక్కడే ఉంటాడు నాయక్."

"ఒక్కడేనా? అయ్యో. అట్లెట్ల ఉంటడు?"

దొర దగ్గర దీనికి పెద్ద జవాబే ఉంది. కాని అది మొదలుపెట్టేలోపల ఎవరికో ఒకరికి జ్వరం వచ్చేది.

జీపు సంగతి ఇక్కడ చెప్పాలి. పాతికేళ్ళు పడవ నడిపిన మనిషి జీపునూ పడవలాగే నడిపేవాడు. గుంత వస్తే పక్కకు తిప్పడు, అల మీద ఎక్కించినట్టు ఎక్కించి దించుతాడు. రెడ్యా కోడలు చాందీకి నొప్పులు ఎక్కువై, బిడ్డ అడ్డం తిరిగిందన్నప్పుడు ఆ జీపే దిక్కయింది. ఫూల్‌సింగ్ తల్లి ద్వాళి తండా అంతటికీ కాన్పులు చేసే మనిషి. ఆమె చాందీని పట్టుకుని వెనక కూర్చుంది. మిర్యాలగూడ మిషన్ దవాఖానకు పోతుంటే, వెనక్కి చూడకూడదన్న మర్యాదకు దొర గొంతెత్తి ఏదో భక్తి పాట అందుకున్నాడు.

"పాట ఆపు, బండి గూడ ఆపు!" అని అరిచింది ద్వాళి.

గుంతల పుణ్యమో, దేవుడి దయో గాని బిడ్డ సర్దుకుని, దవాఖాన గేటు దగ్గర జీపులోనే పుట్టింది. ఆడపిల్ల. జీపుబాయి అని పేరు పెట్టారు.

అప్పటినుంచి చుట్టుపక్కల తండాలన్నిటికీ ఆ జీపే దవాఖాన బండి. పాము కరిచినా, చెట్టు మీంచి పడినా, పురుగుమందు తాగినా బిసప్పుకు కబురు. బిషప్పు అనే మాట వాళ్ళ నోట బిసప్పు అయింది. కొన్నాళ్ళకు బిసప్పు అంటే రోగుల్ని బండిలో తీసుకుపోయే పని చేసేవాడని అర్థం స్థిరపడిపోయింది. "మా అల్లుడు గూడ హుజూర్‌నగర్ల బిసప్పే, టాక్సీ నడుపుతడు," అని ఒక ముసలాయన ఫూల్‌సింగ్‌తో గర్వంగా చెప్పుకున్నాడు.

ఆరేళ్ళు గడిచాయి. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు ఎవరూ లేరు.

కోదాడ చర్చికి పాస్టరు కృష్ణమూర్తి గారు. ఈ ప్రాంతపు మిషన్ పనులన్నీ ఆయన పైనుంచి చూసుకోవాలి. మంచివాడు, కంగారు మనిషి. ఒకనాడు దొరను కోదాడకు పిలిపించి ఫ్యాను కింద కూర్చోబెట్టాడు. ఫూల్‌సింగ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"సొసైటీ నుంచి ఇద్దరు దొరలు వస్తున్నారండీ. ఆరేళ్ళల్లో ఎంతమంది విశ్వాసులయ్యారో చూసి వెళ్తారంట. లేకపోతే ఈ పని ఇక్కడ మూసేస్తారు. జీపు ఇంకో జిల్లాకి పంపిచ్చేస్తారు. మీరు వాళ్ళకేం చెబుతారండీ?"

"ఒక్కరును కాలేదని చెప్పుదును."

"కొంచెం... ఆసక్తి చూపిస్తున్నారని చెప్పొచ్చు కదండీ?"

"జీపుయందు చూపుచున్నారు," అన్నాడు దొర.

కృష్ణమూర్తి గారు తల పట్టుకున్నాడు. ఫూల్‌సింగ్ ఆ సాయంత్రమే తండాకు పోయి సంగతంతా చెప్పాడు. రెడ్యా నాయక్ అందర్నీ కూర్చోబెట్టాడు. పెద్దగా చర్చ జరగలేదు.

"తల మీద నీళ్ళు పోసుడే గద?" అన్నాడు రెడ్యా.

"అంతే," అన్నాడు ఫూల్‌సింగ్.

"సల్లనీళ్ళా, ఉడుకునీళ్ళా?"

"సల్లనీళ్ళే."

"ఎండకాలమే గద. పోయించుకుందం."

మర్నాడు పొద్దున తండా మొత్తం సూర్యాపేట చర్చి కాంపౌండులో దిగింది. అద్దాల పైటలు, గాజుల చప్పుడు, చంకల్లో పిల్లలు. దొర బనీను మీద ఉన్నాడు. పరుగున లోపలికి పోయి చొక్కా వేసుకుని వచ్చాడు. రెడ్యా నాయక్ తమ నిర్ణయం చెప్పాడు. అది వింటుంటే దొర ముఖం వెలిగి, వెంటనే మాడిపోవడం ఫూల్‌సింగ్ చూశాడు.

"మీరు నా దేవుణ్ని నమ్మి వచ్చిన్రా?"

"నిన్ను నమ్మి వచ్చినం."

"నేను పోవద్దని వచ్చిన్రు."

"అవును. దాంట్ల తప్పేముంది?"

"తప్పు లేదు నాయక్. శానా పెద్ద మాట అది. గని నీళ్ళు పొయ్య."

రెడ్యాకు కోపం వచ్చింది. "ఆరేండ్ల సంది రమ్మంటివి, రమ్మంటివి. ఇయ్యాల తండా తండా కదిలొస్తే వద్దంటవా? మేము కిరాయి పెట్టుకోని వచ్చినం!"

"అబద్ధం మీద పోస్తే అవి ఉత్త నీళ్ళే. మీ ఇంటికాడ గూడ ఉన్నయి."

"మా ఇంటికాడ లేవు. అందుకే గద నాట్లకు పోతున్నం," అంది వెనకనుంచి ఎవరో.

అందరూ తిరిగి పోయారు. ఫూల్‌సింగ్‌కు కూడా ఒళ్ళు మండింది. ఇంత మొండితనం ఉన్న మనిషి దీవుల్లో అంతమందిని ఎట్లా కలిపాడో అర్థం కాలేదు. తండా వాళ్ళు దొరతో మాటలు మానేశారు. ఆ వారంలోనే ఒకతన్ని పాము కరిస్తే మాత్రం మాట్లాడకుండానే జీపెక్కించారు. దొర కూడా మాట్లాడకుండానే నడిపాడు.

సొసైటీ దొరలు ఇద్దరూ వచ్చారు. ఒకాయన పొడుగు, ఇంకొకాయన చేతిలో గొడుగు. కృష్ణమూర్తి గారు వాళ్ళను కోదాడ నుంచి కారులో నేరుగా తండాకే తీసుకువచ్చాడు. అక్కడ తలుపులన్నిటి మీదా సున్నంతో సిలువలు గీసి ఉన్నాయి. తొందరలో గీసినవి కావడంతో కొన్ని కూడిక గుర్తుల్లా, కొన్ని గుణకారం గుర్తుల్లా ఉన్నాయి. రెడ్యా నాయక్ దొరను అడగలేదు, అడిగితే వద్దంటాడని తెలుసు కాబట్టి.

"మేమంత మీ మతపోళ్ళమే," అన్నాడు రెడ్యా, చేతులు జోడించి. "చెప్పు ఫూల్‌సింగ్."

ఫూల్‌సింగ్ చెప్పాడు. కొత్త దొరలు ఆనందంతో ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. కృష్ణమూర్తి గారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. హాల్‌స్టెడ్ దొర జీపుకు ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు. ఒక్కమాట మాట్లాడకపోతే చాలు, అంతా సాఫీగా అయిపోతుందని ఫూల్‌సింగ్ మనసులో మొక్కుకున్నాడు. ఏ దేవుడికి మొక్కాడో అతనికే తెలియదు.

దొర తలెత్తి ఇంగ్లీషులో అన్నాడు: "వీళ్ళలో ఒక్కరు కూడా బాప్తిస్మం తీసుకోలేదు. నన్ను కాపాడాలని అట్లా అంటున్నారు. వీళ్ళ తప్పు లేదు. జీపు పోతే దవాఖానకు పోయే దారి ఉండదని భయం."

పొడుగాయన ఫూల్‌సింగ్ వైపు తిరిగి, ఇది వాళ్ళకు చెప్పమన్నాడు. చెప్పనక్కర లేకపోయింది. దొర ముఖం చూసే అందరికీ అర్థమైంది.

అప్పుడు ద్వాళి లేచింది. ఏనుగు దంతం గాజుల చేతిని జీపు వైపు ఊపి అంది: "జీపును తీస్కపొమ్మను. మనిషిని ఉంచమను."

కాన్పులు చేసే మనిషి ఆమె. జీపు లేకపోతే ఏమవుతుందో ఆ గుంపులో ఆమె కంటే బాగా ఎవరికీ తెలియదు. ఫూల్‌సింగ్ ఆ రెండు ముక్కలనీ ఏమీ వదలకుండా ఇంగ్లీషులో చెప్పాడు.

గొడుగాయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. అయినా వచ్చిన పని వచ్చిన పనే. నెల తిరక్కుండా మిషన్ మూసేశారు. జీపు పోయింది. దొరకు రిటైర్మెంటు ఇచ్చి, ఇంగ్లండుకు టికెట్టు పంపించారు. ఆయన టికెట్టు తిప్పి పంపి సూర్యాపేటలో ఒక గది కిరాయికి తీసుకున్నాడు. ఉండటానికి కావలసిన పర్మిషన్ కోసం నల్లగొండ ఆఫీసుల చుట్టూ తిరిగింది కృష్ణమూర్తి గారే. "ఈయన వల్ల నా బీపీ పెరిగిపోయిందండీ," అని అందరికీ చెబుతూనే తిరిగాడు.

ఫూల్‌సింగ్ ఉద్యోగమూ పోయింది. అతను ఒక ఆటో కిరాయికి తీసుకుని నడపడం మొదలుపెట్టాడు. రోగులెవరన్నా ఉంటే తండాకు పోయి ఎక్కించుకునేవాడు. ఆటోలో జీపంత చోటు లేదు, ఆ ఒక్క ఇబ్బందే. దొర మాత్రం, రోగుల చోటు తనకెందుకని, ఆటో ఎక్కేవాడు కాదు. వారానికి రెండుసార్లు ఆర్టీసీ బస్సులో వచ్చి, రోడ్డు మీద దిగి, మిట్ట ఎక్కి తండాకు నడిచి వచ్చేవాడు. ఇప్పుడు ఆయన ఏమీ బోధించేవాడు కాదు. జబ్బుపడ్డవాళ్ళ మంచం దగ్గర కూర్చునేవాడు. పిల్లలకు లెక్కలు చెప్పేవాడు. ద్వాళి జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు పెడితే కళ్ళనీళ్ళు కారుస్తూ తినేవాడు.

రెడ్యా నాయక్ రెండేళ్ళ దాకా కోపం పోగొట్టుకోలేదు. ఒకనాడు తనే వచ్చి పక్కన కూర్చుని, "నీ అసొంటి తెలివిలేనోన్ని నేను సూడలే," అన్నాడు. దొర ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరూ మళ్ళీ దేవుడు ఒక్కడా, పదిమందా అని వాదించుకోసాగారు.

తొంభై మూడు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం దొర తండాకు వచ్చేసరికి ద్వాళి ఇత్తడి చెంబు నిండా నీళ్ళు పెట్టుకుని కూర్చుని ఉంది. దొర తాగడానికనుకుని చేయి చాచాడు.

"తాగనీకి గాదు. నా నెత్తి మీద పొయ్యి," అంది.

ఆటో తుడుచుకుంటున్న ఫూల్‌సింగ్ తల్లి వైపు తిరిగాడు. "యాడీ, ఏమంటున్నవ్?"

"నీకు గాదు చెప్పేది."

దొర చేయి వెనక్కి తీసుకున్నాడు. "ఎందుకు ద్వాళీ?"

"అప్పుడు అడిగితే జీపు కోసమంటివి. నిజమే, జీపు కోసమే వచ్చినం. ఇప్పుడు నీ తాన ఏం లేదు గద. ఇప్పుడు పొయ్యి."

"నువ్వు నమ్ముతున్నవా?"

ద్వాళి చెంబు ముందుకు జరిపింది. "నీ దేవున్ని నేను సూడలే. నిన్ను సూసిన. ఆనాడు అంతమంది ముందల ఒక్క అబద్ధమాడితే నీ జీపు నీకుండు, నీ కొలువు నీకుండు. ఆడలే. ఆడొద్దని లోపట్నుంచి నీ నోరు పట్టుకున్నోడు ఎవడో ఉన్నడు గద. వాన్ని నమ్ముతున్న."

దీవులకు దీవులనే కలిపిన మనిషి మంచం పట్టె పట్టుకుని కూర్చుండిపోయాడు. ఏదో ఒకటి అనాలని ఫూల్‌సింగ్, "మరి సేవాలాల్ మహరాజ్ ఏమనుకుంటడు యాడీ?" అన్నాడు.

"ఆయనతోని నేను మాట్లాడుకుంట. నువ్వు ఆటో తుడువు."

దొర లేచాడు. ప్రశ్నలు చాలానే అడిగాడు, అడగవలసినవన్నీ. కొన్నిటికి ద్వాళి జవాబులు పుస్తకాల్లో ఉండేవి కావు. ఆయన వాటిని దిద్దలేదు. నీళ్ళు పోసేటప్పుడు సగం ఆమె పైట మీద పడ్డాయి. చెంబులో మిగిలినవి ఏం చేయాలని ద్వాళి అడిగింది.

"నాకు ఇయ్యి," అని గటగటా తాగేశాడు.

కబురు తెలిసి కృష్ణమూర్తి గారు కోదాడ నుంచి పరిగెత్తుకొచ్చాడు. ఈ సంగతి వెంటనే సొసైటీకి తెలపాలన్నాడు. ఇన్నేళ్ళకు మొదటి ఫలం అన్నాడు.

"తెలుపవద్దు," అన్నాడు దొర.

"ఎందుకండీ?"

"తెలిపినచో జీపు పంపెదరు."

ఆ తర్వాత తండాలో ఇంకెవరూ బాప్తిస్మం తీసుకోలేదు. ఫూల్‌సింగ్ కూడా తీసుకోలేదు. దొర ఎప్పుడూ అతన్ని అడగలేదు. అడిగి ఉంటే ఏమనేవాడో అని అతను ఆటో నడుపుతూ అప్పుడప్పుడు ఆలోచించుకునేవాడు.

తొంభై ఐదు వానాకాలంలో దొరకు న్యుమోనియా పట్టింది. ఆయన ఆటో ఎక్కింది ఆ ఒక్కసారే. మిర్యాలగూడ దవాఖాన దాకా ఫూల్‌సింగ్ ప్రతి గుంతనూ తప్పించుకుంటూ నడిపాడు. వెనక ద్వాళి ఆయన తలను ఒళ్ళో పెట్టుకుంది. మూడోనాడు పొద్దున్నే ఆయన పోయాడు. చివరగా దీవుల భాషలో ఏదో అన్నాడు. అది అక్కడున్న ఎవరికీ రాదు.

కృష్ణమూర్తి గారు కోదాడలో పెద్దల సమాధుల పక్కన చోటు చూశాడు. రెడ్యా నాయక్ శవానికి అడ్డంగా నిలబడ్డాడు.

"మా తండాలనే పెట్టాలె."

"అలా కాదండీ. ఆయన బిషప్పు గారు. మా పద్ధతి ప్రకారం భూస్థాపన చెయ్యాలి. మీరు దహనం చేస్తారు కదా?"

"పెండ్లయినోళ్ళను కాలుస్తం. పెండ్లి గానోళ్ళను బొందనే పెడతం. బిసప్పుకు పెండ్లయిందా?"

"అవలేదండీ."

"మరింక లొల్లేముంది?"

కృష్ణమూర్తి గారు వెతికాడు గాని లొల్లి ఏమీ కనబడలేదు. తండా పక్కన మిట్ట మీద ఆయనే ప్రార్థన చదివి మట్టి వేశాడు. ఆడవాళ్ళు ఒకరి మెడ మీద ఒకరు చేతులు వేసుకుని, ఏడుపునే పాటగా కట్టి చీకటి పడేదాకా ఏడ్చారు. కృష్ణమూర్తి గారు కూడా బీపీ మాత్ర వేసుకుని చివరిదాకా ఉన్నాడు.

ఆ ఆదివారం పొద్దున ద్వాళి తలకు నూనె రాసుకుని, అద్దాల పైట కప్పుకుని, సూర్యాపేట చర్చికి పోవడానికి రోడ్డు మీదికి వచ్చింది. ప్రతి ఆదివారం పోయేదే. ఫూల్‌సింగ్ వెనకాలే వచ్చి నిలబడ్డాడు. ఆటోలో దించుతానన్నా ఆమె ఒప్పుకోలేదు. బస్సు దూరంగా కనబడింది.

"యాడీ, నేను గూడ రానా?"

ద్వాళి కొడుకును కిందికీ మీదికీ చూసింది.

"పోయి గడ్డం గీసుకో. వచ్చే వారం సూద్దం," అని బస్సెక్కింది.